కవరింగ్ లెటర్ లేని దరఖాస్తులు పరిశీలించబడవు

నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా అమ్మకి చివరిదాకా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. నాన్న రైల్వే ఉద్యోగంతో విజయనగరం వైపు నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డ కుటుంబం మాది. ఊరు మారినా అమ్మ యాస మారలేదు. "ఏటే నీ పని? ఊరోళ్ళు రాసుకున్న ఉత్తరాలు సదవడానికి జీతవిస్తారేటే?" అనేది. అదేనమ్మా, అనేదాన్ని విసుగ్గా. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆలోచిస్తే, నా ఉద్యోగం గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో పర్సనల్ ఆఫీసర్‌గా చేరాను. కొన్నాళ్ళకి ఆ పేరు హెచ్.ఆర్. మేనేజర్ అయింది. పేరుతో పాటు కుర్చీ కూడా మారింది, పని మాత్రం మారలేదు. ఉద్యోగం కావాలని కొత్త ఇంజనీర్లు రాసిన ఉత్తరాలు చదవడం, వాటిలో కొన్నిటిని పైకి పంపడం, మిగతావి అట్టపెట్టెలో వేయడం. ఇప్పుడు ఎంబీఏలు చేసి ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఫైళ్ళు ఎలా పెట్టుకోవాలో వాళ్ళకి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ధైర్యం చెప్పే నాలుగు మాటల కోసం ఎవరైనా చదువుతూ ఉంటే మాత్రం ఇక్కడే ఆపేయడం మంచిది. నా దగ్గర అవి లేవు.

ఉత్తరాల గుట్ట

మా కంపెనీ మొదట్లో పవర్ సప్లై బోర్డులు తయారుచేసి ఫ్యాక్టరీలకి అమ్మేది. అప్పటి ఎం.డి. ఇంజనీరు, ముక్కోపి. దరఖాస్తు ఉత్తరాలంటే ఆయనకి చిరాకు. మనిషిని పిలిచి, తిన్నగా షెడ్డులోకి తీసుకెళ్ళి, సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చి, పక్కన నిలబడి చూసేవాడు. చేయి వణికినా ఫరవాలేదనేవాడు, అబద్ధం చెప్పకుండా "రాదు సార్" అంటే చాలు, నేర్పుకుందాం అనేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళు నేను ఉత్తరాలు చదివింది తక్కువ. ఆయన పోయాక కొడుకు వచ్చాడు. అప్పుడే ఊరంతా సాఫ్ట్‌వేర్ గాలి వీస్తోంది. షెడ్డు మీద అద్దాలతో ఒక అంతస్తు లేపారు, ఏసీలు పెట్టారు, అమెరికా క్లయింట్ల పని మొదలుపెట్టారు. దాన్ని నడపడానికి సుధాకర్ గారు అనే వైస్ ప్రెసిడెంటు వచ్చాడు.

ఆయన రాగానే పేపర్లో ప్రకటన వేయించాడు. ఫ్రెషర్లు కావాలి, కవరింగ్ లెటర్ లేని దరఖాస్తులు పరిశీలించబడవు, అని. ఇక చూడాలి నా అవస్థ. బస్తాలతో ఉత్తరాలు. అన్నీ దాదాపు ఒక్కటే ఉత్తరం. ఏ వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్లోనో ఒకడు ఫ్లాపీలో ఒక నమూనా దాచి ఉంటాడు, పేరు మార్చి ప్రింటు తీసి ఇస్తాడు. మార్చడం మరిచిపోయినవీ ఉండేవి. కింద సంతకం వెంకటేశ్వర్లుది, పైన "స్వప్న అనే నేను" అని. అందరూ కష్టపడే తత్వం గలవారే, అందరూ నలుగురితో కలిసి పనిచేసేవారే, అందరికీ సవాళ్ళంటే మహా ఇష్టం.

సొంతంగా రాసేవాళ్ళు ఇంకో రకం. బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు ఉత్తరం ఒక్కటే, సెలవు చీటీ. జ్వరంతో బాధపడుతున్నాను గనుక రెండు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన, అన్నది. ఒక కుర్రాడు అదే అచ్చులో "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ అనెంప్లాయ్‌మెంట్" అని మొదలుపెట్టి, దయతో ఉద్యోగం మంజూరు చేయమన్నాడు. మా సెక్షన్‌లో అందరం చేరి పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక నాకు మనసంతా అదోలా అయింది, ఆ పిల్లాడు తప్పేం రాశాడని. బాధపడుతున్నాడు, అదే రాశాడు. నేనా ఉత్తరం పైకి పంపాను. సుధాకర్ గారు దాన్ని ఆఫీసు పార్టీలో చదివి వినిపించాడు, పిల్లాణ్ణి మాత్రం పిలవలేదు.

నిరుటి బ్యాచ్

ఆ రోజుల్లో ఉద్యోగాలు వానల్లా కురిశాయని ఇప్పుడందరూ చెప్పుకుంటారు. కురిసిన మాట నిజమే. మధ్యలో ఒక ఏడాది అమెరికాలో కంపెనీలు కూలిపోయి, ఇక్కడ ఒక్క కాలేజీకి ఒక్క కంపెనీ రాలేదన్నది మరిచిపోతారు. ఆ ఏడాది పాసైన పిల్లలు ఏం చేయాలి? ఆగుదాం, వచ్చే ఏడు పిలుస్తారు అనుకున్నారు. వచ్చే ఏడు కంపెనీలు మళ్ళీ వచ్చాయి. వచ్చి, ఈ ఏడాది పాసైనవాళ్ళు మాత్రమే అర్హులు అన్నాయి. దానికి కారణం చెప్పమంటే ఎవరి దగ్గరా లేదు. వేలల్లో వచ్చే దరఖాస్తుల్ని సగానికి కోయాలంటే ఏదో ఒక గీత గీయాలి, ఇదైతే సులువు, అంతే.

సుధాకర్ గారు ఆ పిల్లల్ని స్టేల్ స్టాక్ అనేవాడు. నిన్నటి ఇడ్లీల గురించి మాట్లాడినట్టు. "మేడమ్, లాస్ట్ ఇయర్ బ్యాచ్‌వి నాకు పంపి టైం వేస్ట్ చేయకండి. బాగుంటే ఎవరో ఒకరు తీసుకునేవాళ్ళే కదా," అనేవాడు. ఆ ఏడాది ఎవరూ ఎవర్నీ తీసుకోలేదు కదండీ అంటే, అదంతా మనకెందుకు అనేవాడు.

స్వరూప ఉత్తరం ఆ గుట్టలోనే వచ్చింది. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్, ఇల్లు బన్సీలాల్‌పేట్. చేత్తో రాసిన ఉత్తరం. ఇంగ్లీషు ముతకగా ఉన్నా విషయం తిన్నగా ఉంది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: నేను నిరుడు పాసయ్యాను. నిరుడు ఎవరూ పిలవలేదు. ఈ ఏడు పిలుస్తున్నవాళ్ళు నువ్వు నిరుటిదానివి అంటున్నారు. ఈ ఏడాది మా అమ్మ దుకాణంలో కూర్చున్నాను, సాయంత్రాలు పాత పుస్తకాలు మళ్ళీ చదివాను. నేర్చుకున్నది ఏదీ మరిచిపోలేదు. ఒకసారి పరీక్ష పెట్టి చూడండి.

నా సర్వీసు మొత్తం మీద ఉత్తరం అనదగ్గ ఉత్తరాలు నాకు చాలా తక్కువ వచ్చాయి, అది వాటిలో ఒకటి. తీసుకెళ్ళి సుధాకర్ గారి బల్ల మీద పెట్టాను. చూడనన్నాడు. మర్నాడు మళ్ళీ పెట్టాను. నా పోరు పడలేక, సరే రాత పరీక్షకి పిలవండి అన్నాడు. ఆ పిల్ల పరీక్షలో అందరికంటే పైన నిలిచింది. నా మొహం చూడాలి ఆ రోజు, నేనే పాసైనంత సంబరం.

ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు ముందు నా గదిలో కూర్చోబెట్టి మాట్లాడాను. సన్నగా, పొడుగ్గా ఉంది, మాట్లాడితే కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. తండ్రి ఆమె ఇంటర్‌లో ఉండగానే పోయాడు. తల్లికి జనరల్ బజార్‌లో కవరింగ్ నగల చిన్న దుకాణం. పైన బంగారు పూత పూసిన గాజులు, గొలుసులు. మేనమామ ఈ ఎండాకాలం దాకా చూద్దామన్నాడట, ఉద్యోగం రాకపోతే దుకాణంలోనే ఉండిపొమ్మన్నాడట. "ఈసారి రాకపోతే వచ్చే ఏడు నేను రెండేండ్ల కిందటి బ్యాచ్ అయిపోత మేడమ్. అప్పుడు మీరు సుత పిలవరు," అంది. పిలవలేను. ఆమె లెక్క సరిగ్గానే ఉంది.

పైన పూసేది

ఇంటర్వ్యూలో ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. అడిగినవన్నీ చెప్పింది. సుధాకర్ గారు పెన్ను మూసి చాలా సౌమ్యంగా మాట్లాడాడు. అమ్మాయి బాగుంది, కానీ క్లయింటు ఒక ఏడాది అనుభవం ఉన్నవాళ్ళనే అడుగుతున్నాడు, ఈమెకి ఒక ఏడాది ఖాళీ ఉంది, ఆ ఖాళీలోనే అనుభవం ఉందనుకుంటే రెండు సమస్యలూ పోతాయి, అన్నాడు. ఆయన బామ్మర్దికి ఒక చిన్న కంపెనీ ఉంది. అందులో ఏడాది ట్రైనీగా చేసినట్టు సర్టిఫికెట్ వస్తుంది. ఆమె చేయాల్సిందల్లా కవరింగ్ లెటర్ మార్చి రాయడం. దుకాణం మాట తీసేసి ఈ మాట పెట్టాలి. చేత్తోనే రాయాలి, సంతకం చేయాలి. ఆ వాక్యం ఎలా ఉండాలో కూడా ఆయనే చెప్పాడు, నేను వింటూనే ఉన్నాను. "సార్, ఇది తప్పు కదా," అన్నాను. "ఇండస్ట్రీలో ఇది స్టాండర్డ్ ప్రాక్టీస్ మేడమ్, మీకు పాత అలవాట్లు," అన్నాడు.

పిల్ల బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. వరండాలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. పుష్పమ్మ అని, పెద్ద బొట్టు, చేతినిండా తన దుకాణం గాజులే. సంగతి విని నా దగ్గరికి వచ్చింది.

"మార్చి రాస్తే ఏమైతది మేడమ్?"

అది అబద్ధమమ్మా, అన్నాను.

"కవరింగ్ అంటే అట్లనే ఉంటది గద. పేపర్ల మీరే ఏసిండ్రు, కవరింగ్ లేంది సూడమని. నేను అప్పుడే అన్న. ఆళ్ళు కవరింగ్ అడుగుతుంటే నువ్వు అసలుది ఎందుకు రాస్తివే అని. నా మాట ఇనలే."

నాకు నవ్వొచ్చింది. ఆమె మా ప్రకటనని అలా అర్థం చేసుకుందన్నమాట. కూర్చోబెట్టి విడమరిచి చెప్పబోయాను. ఇది ఆ కవరింగ్ కాదమ్మా, అసలు దరఖాస్తుకి పైన పెట్టి పంపే ఉత్తరం, అంతే, అన్నాను. "అదే గద మేడమ్ నేను చెప్పేది, పైన పూసేదే," అంది ఆమె శాంతంగా. లోపల గదిలో ఆ పెద్దమనిషి ఇందాక చెప్పింది కూడా పైన పూయమనే.

స్వరూప గోడకి ఆనుకుని నిలబడింది. పక్కకి తీసుకెళ్ళి, రాయొద్దమ్మా, ఇది ఎప్పటికైనా నీ మెడకే చుట్టుకుంటుంది, అన్నాను.

"రాయకపోతే ఈ జాబ్ మీరు ఇప్పించగల్గుతరా మేడమ్?"

"లేనమ్మా."

"ఇంకేడనన్న?"

దానికీ లేదనే చెప్పాను. ఆ పిల్ల నా మీద కోప్పడలేదు. మరి రాయొద్దని ఎందుకంటుండ్రు, అని మాత్రం అడిగింది. వాళ్ళమ్మ వచ్చి భుజం మీద చేయి వేసి, "రాసియ్ బిడ్డా, పరేషాన్ గాకు. ఇయ్యాల రేపు అందరు ఏసుకునేది గదే. ఎవ్వరు గీకి సూడరు," అంది. ఆ తల్లి దురాశతో అన్నమాట కాదది. కూతురి చదువు దుకాణం గల్లాపెట్టె దగ్గర ఆగిపోకూడదన్న ఆరాటం. స్వరూప నా బల్ల దగ్గరే కూర్చుని రాసింది. తెల్లకాగితం, పెన్ను రెండూ నావే.

రాసింది ఎవరి చేత్తో

రెండేళ్ళకి పైగా పనిచేసింది. టెస్టింగ్ టీములో వేశారు. ఎవరికీ దొరకని తప్పులు ఆమెకి దొరికేవి. టీం లీడు తన పని కూడా ఆమె మీదే పెట్టి సాయంత్రం టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు. పొద్దున్నే భుజాన సంచీతో బస్సు దిగి గేటు దాటుతుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఎదురుపడితే నవ్వేది. తమ్ముణ్ణి పాలిటెక్నిక్‌లో చేర్పించానని చెప్పింది ఒకసారి. నేను కూడా ఆ ఉత్తరం సంగతి మరిచిపోదామని చూశాను, ఏమో, ఇలాగే జరిగిపోతుందేమోనని.

తర్వాత ఒక క్లయింటు కాంట్రాక్టు వెనక్కి తీసుకున్నాడు. పై అంతస్తులో సగంమందిని తీసేయాలి. ఊరికే తీసేస్తే నోటీసు ఇవ్వాలి, పరిహారం ఇవ్వాలి, పేపర్లో పడితే కంపెనీ పేరు పోతుంది. సుధాకర్ గారు నన్ను పిలిచి, "మేడమ్, ఆ బ్యాచ్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లన్నీ ఒకసారి వెరిఫై చేయించండి," అన్నాడు.

"సార్, అవి మీ బామ్మర్ది కంపెనీవి. వెరిఫై ఏం చేయమంటారు?" అన్నాను.

"అందుకే కదా మేడమ్, పని ఈజీ," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఎం.డి. గదికి వెళ్ళాను. ఆ అమ్మాయి చేత ఈయనే రాయించాడు, ఇంకా కొందరి చేత కూడా రాయించాడు, నేను పక్కనే ఉన్నాను, అని చెప్పాను. పాత ఎం.డి. కొడుకే ఇప్పుడు ఆ కుర్చీలో, ఆమె ఉత్తరం తెప్పించుకుని చూశాడు. "చేతిరాత ఎవరిది?" అన్నాడు. ఆమెదే, అన్నాను. సంతకం? ఆమెదే. "మరింకేంటి మేడమ్," అని ఫైలు మూసి ఇచ్చేశాడు. నేను చెప్పిందంతా కాగితం మీద పెట్టి కూడా ఇచ్చాను. అది ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. తొలగింపు ఆర్డర్లు నేను తయారుచేయను అన్నాను. ఇంకొకరు తయారుచేశారు. దానివల్ల ఆగినదేమీ లేదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. చేతిలో డిగ్రీ తప్ప ఇంకేమీ లేని పిల్లల్ని, అనుభవం లేదని మనకి ముందే తెలిసినవాళ్ళని, కవరింగ్ లెటర్ రాయమని ఎందుకు అడుగుతాం? మనిషిని తెలుసుకోవడానికి అని శిక్షణలో చెబుతారు. నేనూ అలాగే నమ్మాను. అలా తెలుసుకున్న మనిషి నాకు ఒక్కతి దొరికింది, ఆమెని తన ఉత్తరంతో ఉద్యోగంలో పెట్టుకోలేకపోయాం. మేం రాయించిన ఉత్తరంతో పెట్టుకున్నాం. ఎందుకంటే రేపు అవసరం పడితే పట్టుకోవడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి, అది వాళ్ళ చేతిరాతలో ఉండాలి. ఉత్తరాలు దాచే అలమరా తాళాలు ఎన్నో ఏళ్ళు నా దగ్గరే ఉన్నాయి. అది దేనికోసమో అర్థమవడానికి నాకు అంత కాలం పట్టింది.

స్వరూపని పిలిచి ఆర్డరు చేతికిచ్చినప్పుడు నన్ను కూడా అక్కడ ఉండమన్నారు. అసత్య సమాచారంతో ఉద్యోగం పొందినందుకు, అని ఉంది అందులో. ఆమె రెండుసార్లు చదువుకుంది. సుధాకర్ గారి వైపు చూసి, "సార్, మీరే చెప్పిండ్రు గద," అంది. "రాసింది నువ్వే కదమ్మా," అన్నాడాయన. ఆమె రిలీవింగ్ లెటర్ ఒక్కటి ఇప్పించమని అడిగింది. అది లేకపోతే ఇక్కడ పనిచేసినట్టు బయట ఎవరూ ఒప్పుకోరు. ఇవ్వడం కుదరదన్నారు. బయట సెక్యూరిటీ మనిషి ఆమె సంచీ విప్పించి చూసి పంపాడు.

ఒక ఆదివారం

కొన్నాళ్ళకి మెట్టుగూడలో మా ఇంటికి వచ్చింది. ఆదివారం పొద్దున, చేతిలో పేపరు, కొన్ని తెల్లకాగితాలు. చిక్కిపోయింది. ఎవరో కొత్త కంపెనీవాళ్ళు టెస్టింగ్‌కి మనుషుల్ని అడుగుతున్నారు, రేపే ఆఖరు రోజు. కవరింగ్ లెటర్ ఉండాలన్నారు. "మీరు వేలమందివి సదివిండ్రు మేడమ్. నేను ఏం రాయాల్నో మీరే చెప్పుండ్రి," అంది.

ఉన్నది ఉన్నట్టు రాయమ్మా, అన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

"ఏది ఉన్నట్టు మేడమ్? మీ కంపెనీల చేసిన అని రాస్తే ఆళ్ళు ఫోన్ చేసి అడుగుతరు. దొంగ సర్టిఫికెట్ పెట్టి దొరికింది అని చెప్తరు. చేయలే అని రాస్తే ఇన్నేండ్లు ఖాళీగ ఉన్న అని రాయాలె. అది అబద్ధం గద. ఖాళీగ ఉన్నదానికి ఎవ్వరు పిలుస్తరు? జరిగిందంత రాస్తే, కంపెనీ మీద చెప్తుందని అసలే పిలవరు. మొదటిసారి ఉన్నది ఉన్నట్టే రాసిన. మీరే సదివిండ్రు గద."

ఆమె కంఠంలో ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. నిజంగా తెలియక అడుగుతోంది. నాకు తెలిసి ఉంటుందని అడుగుతోంది. నేను కళ్ళద్దాలు తెచ్చుకుని, కాగితం నా ముందుకి లాక్కుని, పెన్ను తీసుకున్నాను. పైన కుడివైపు తేదీ వేశాను. కింద ఆ కంపెనీ చిరునామా పేపర్లో చూసి రాశాను. దాని కింద "రెస్పెక్టెడ్ సర్" అని రాసి, కామా పెట్టాను. తర్వాత వాక్యం కోసం ఆలోచించాను. వంటింట్లో కుక్కరు కూసింది, వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ ఆలోచించాను. ఎటు నుంచి మొదలుపెట్టినా అది ఆ పిల్లకే అడ్డం తిరుగుతోంది.

స్వరూప ముందుకి వంగి నా కాగితం వంకే చూస్తోంది. ఆఖరికి మెల్లిగా, నన్ను నొప్పించకూడదన్నట్టు, "గంతవరకు నాకు సుత వచ్చు మేడమ్," అంది.